రూతు పిన్ని పెళ్లి క్రమం

మొన్న మా అమ్మాయి స్కూల్లో ఇచ్చిన పని కోసం అట్ట మీద ఆకుల బొమ్మలు అతికిస్తూ గ్లూ స్టిక్ మూత తీసింది. కాస్త సబ్బులా, కాస్త పాలపొడిలా ఉండే ఆ వాసన వంటింట్లో ఉన్న నా దాకా వచ్చింది. పోపు మాడుతున్నా గరిటె కదపకుండా అలాగే నిలబడిపోయాను. ఆ వాసనంటే నాకు భయం. ఎందుకని మా ఆయన అడిగితే వెంటనే చెప్పలేకపోయాను. ఎందుకంటే అది నా చిన్నప్పటి ఒక పెళ్లి వాసన, పెళ్లంటే భయమేమిటని ఎవరైనా నవ్వుతారు.

అది రెండువేల ఎనిమిది. నాకు పదేళ్లు. దుబాయ్‌లో అల్ కుసైస్‌లో నాలుగో అంతస్తులో ఉండేవాళ్లం. కిటికీలో ఇరికించిన పాత ఏసీ ఏడాదిలో ఎనిమిది నెలలు గుర్రుగుర్రుమంటూనే ఉండేది, మిగతా నాలుగు నెలలూ కిటికీ తెరిస్తే కింద కెఫెటేరియాలో మరుగుతున్న యాలకుల టీ వాసన, ఇసుక వాసన, ఇస్త్రీ కొట్టు ఆవిరి వాసన కలిసి పైకి వచ్చేవి. నాన్న జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోడౌన్ కంపెనీలో కంటెయినర్లు దింపించే సూపర్‌వైజరు. తెల్లారకముందే కంపెనీ వ్యాన్‌లో వెళ్లి, సాయంత్రం చొక్కా నిండా అట్టపెట్టెల దుమ్ముతో వచ్చేవారు. అమ్మది పాలకొల్లు. రూతు పిన్ని అమ్మకి సొంత బాబాయి కూతురు, దగ్గర్లో ఒక క్లినిక్‌లో నర్సు. మా ఇంట్లోనే, నా గదిలోనే ఉండేది. డ్యూటీ నుంచి వచ్చి యూనిఫాం విప్పగానే తలకు కొబ్బరి నూనె రాసుకునేది. డెట్టాలూ కొబ్బరి నూనే కలిసిన ఆ వాసనే నాకు పిన్ని.

అప్పట్లో అక్కడ సెలవంటే శుక్రవారం. చర్చి కాంపౌండ్‌లో ఒక్కో భాషవాళ్లకి ఒక్కో గంట ఇచ్చేవారు. మలయాళం వాళ్లు బయటికి వస్తుంటే తమిళం వాళ్లు లోపలికి వెళ్లేవాళ్లు, వాళ్ల మల్లెపూల వాసన ఇంకా పోకముందే మేం వెళ్లి కూర్చునేవాళ్లం. తెలుగు ఆరాధన నడిపేది సమూయేలు అంకుల్. వారమంతా ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు, శుక్రవారం మాత్రం తెల్ల చొక్కా, మడత నలగని ప్యాంటు. పాటలు ఎత్తుకునేది గ్లోరీ ఆంటీ. ఆవిడ గొంతెత్తితే పక్క గదిలో ఫిలిప్పీన్స్ వాళ్ల పిల్లలు కూడా తలుపు సందులోంచి తొంగిచూసేవాళ్లు. ఆరాధన అయ్యాక కంపెనీల లేబర్ క్యాంపుల్లో ఉండే మగవాళ్లు కొందరు మా ఇంటికి భోజనానికి వచ్చేవారు. అమ్మ కోడి పలావు, పెరుగుపచ్చడి, ఊరి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి పెట్టేది. వారం మొత్తంలో వాళ్లు తినే ఇంటి తిండి అదొక్కటే. పెద్దవాళ్లు చాపల మీద ఒరిగి ఊళ్ల కబుర్లు చెప్పుకుంటుంటే మేం పిల్లలం కారిడార్‌లో పరిగెత్తడం, లిఫ్టుతో పందెం వేసి మెట్లెక్కడం, డాబా మీదికి చేరి ఎటు చూసినా తిరుగుతుండే క్రేన్లకు పేర్లు పెట్టడం.

అలా వచ్చేవాళ్లలో ఒకడు దానియేలు. మెదక్ దగ్గర పల్లె. ఉమ్ అల్ క్వైన్‌లో ఇనుప షెడ్లు కట్టే కంపెనీలో వెల్డింగ్ ఫోర్‌మన్. మోచేతుల కింద నిప్పురవ్వలు పడిన చుక్కలుండేవి. రెండు బళ్లు మారి వచ్చేటప్పుడు అక్కడి రేవులో కొన్న చేపలు పట్టుకొచ్చేవాడు, అన్నీ పొలుసు తీసి, శుభ్రం చేసి మరీ ఇచ్చేవాడు. పిన్నికి ఆయన సంబంధం చూసింది సమూయేలు అంకులే. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఊళ్లో రెండు వైపులవాళ్లూ ఫోన్లలో మాట్లాడుకున్నారు. క్రిస్మస్ వారంలో వచ్చే శుక్రవారం చర్చిలోనే పెళ్లి అనుకున్నారు.

మా అమ్మ వైపు పెళ్లిళ్లలో ఆరాధన క్రమం చేతికి రాందే ఎవరూ బెంచీ మీద సరిగా కూర్చోరు. ఏ పాట తర్వాత ఏ పాట, వాక్యం ఎవరు చదువుతారు, ప్రార్థన ఎవరు చేస్తారు, అన్నీ చిన్న పుస్తకంలా అచ్చువేసి గుమ్మం దగ్గరే పంచుతారు. పాలకొల్లులో అయితే ప్రెస్సువాడికి చెబితే చాలు. ఇక్కడ అడిగిన ప్రతిచోటా ఇంగ్లీషు, అరబ్బీ, హిందీ ఉన్నాయన్నారు గానీ తెలుగు అక్షరాలు లేవన్నారు. పోనీ ఇంగ్లీషులో వేయిద్దామని నాన్న అంటే దానియేలు తల అడ్డంగా ఊపాడు.

"మా క్యాంపోళ్లకు ఇంగ్లీషు రాదక్కా. పాట చేతిల ఉంటెనే నోట్లెకు వస్తది."

"అయితే మనమే చేసుకుందాం," అంది అమ్మ. "నా చేత్తో నేనే రాస్తాను."

ఆ పనంతా నా చేతివేళ్లకు ఇప్పటికీ గుర్తుంది. స్టేషనరీ కొట్లో దంతం రంగు మందపాటి కాగితాలు, ముదురు ఎరుపు రిబ్బను చుట్ట కొన్నాం. అమ్మ భోజనాల బల్ల మీద గీతల కాగితం కింద పెట్టుకుని నల్ల జెల్ పెన్నుతో, తన గుండ్రటి అక్షరాలతో 'వివాహ ఆరాధన క్రమము' అని మొదలుపెట్టి పాటలన్నీ చరణాలతో సహా రాసింది. అట్ట మీద రెండు లిల్లీ పూలు నేను గీశాను. ఒకటి కొంచెం పక్కకి వాలింది, వాలితేనే బాగుందని పిన్ని చెరపనివ్వలేదు. నాన్న తన ముదీర్‌ని, అంటే మేనేజర్ని, అడిగి ఆఫీసు జిరాక్స్ మిషన్ మీద కాపీలు తీయించారు. శుక్రవారం మధ్యాహ్నాలు చాపల మీద అందరం చుట్టూ కూర్చుని మడతలు పెట్టేవాళ్లం. మడత మీద స్పూను వెనకవైపుతో గట్టిగా రుద్దితే కాగితం కత్తిలా నిలుస్తుందని పిన్ని నేర్పింది. పంచింగ్ మిషన్‌తో రెండు చిల్లులు పొడిచి, రిబ్బను దూర్చి, ముడేసి, పోగులు రాకుండా చివర్లు ఏటవాలుగా కత్తిరించాలి. పంచింగ్‌లో రాలిన గుండ్రటి ముక్కలు దాచుకుని మేం పిల్లలం ఒకరి నెత్తిన ఒకరం మంచు కురిపించుకునేవాళ్లం. గ్లోరీ ఆంటీ కొత్త పాట రాగం పాడి వినిపిస్తుంటే, తమ ఊళ్లో ఆ రాగం వేరని దానియేలు తనకొచ్చినట్టు పాడేవాడు, అందరూ నవ్వేవాళ్లు.

మా బిల్డింగు వెనక ఖాళీ స్థలంలో ఏదో పెద్ద కట్టడానికి పునాదులు వేస్తుండేవారు. భూమిలోకి దిమ్మలు దించే మిషన్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా దడ్, దడ్ అని కొట్టేది. వంటింట్లో గ్లాసులు చిన్నగా అదిరేవి. ఏడాదిగా వింటున్నాం గనక మాకది వినపడేదే కాదు. ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మ తడిచేతులతో బాల్కనీలో నిలబడి ఉంది.

"ఏంటే, చెవులు మూసుకుపోయినట్టున్నాయి నాకు?" అంది.

మిషన్ ఆగిపోయింది. పనివాళ్లు లేరు. క్రేన్ చెయ్యి సరిగ్గా మా కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. మర్నాడూ, ఆ మర్నాడూ అలాగే ఉంది. నెల తిరిగేసరికి డాబా ఎక్కి చూస్తే మేం పేర్లు పెట్టిన క్రేన్లలో తిరిగేవాటికన్నా ఆగినవే ఎక్కువ కనబడ్డాయి.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఒక కొత్త మాట మొదలైంది. టెర్మినేషన్. పెద్దవాళ్లు గొంతు తగ్గించి ఆ మాట అనేవారు. పిన్ని క్లినిక్ నుంచి తెచ్చే మాటలన్నీ అలాగే ఉండేవి గనక అదీ ఏదో జబ్బనుకున్నాను. ఒకసారి పిన్నిని అడిగాను కూడా, దానికి ఇంజెక్షన్ ఉందా అని. పిన్ని నవ్వలేదు. నా జడ విప్పి, మళ్లీ మొదటి నుంచి అల్లింది.

మొదట అది గ్లోరీ ఆంటీ ఇంటికి వచ్చింది. ఎక్కడో అమెరికాలో బ్యాంకులు కూలిన దెబ్బకి వాళ్లాయన పనిచేసే ఆఫీసు మొత్తం మూసేశారట. ఒక వారం పాటకి వచ్చారు, మరుసటి వారం వీడ్కోలుకి వచ్చారు. వాళ్ల సోఫా, మిక్సీ, మనీప్లాంట్ కుండీ మా ఇంట్లోకి చేరాయి. ఆ సాయంత్రం అమ్మ తయారైన పుస్తకాల్లో ఒకటి తెరిచి చాలాసేపు చూసింది. 'పాటలు: గ్లోరీ గారు' అని అందులో తన చేత్తో రాసిందే ఉంది. మళ్లీ అన్నీ జిరాక్స్ తీయమని నాన్నని అడిగితే, "ఇప్పుడు ఆఫీసులో మిషన్ దగ్గరికి వెళ్లాలంటేనే బాగోలేదే," అన్నారు. అందుకని అమ్మ సన్నటి చీటీల మీద వేరే పేరు రాసింది, పాత పేరు మీద వాటిని అతికించే పని నాకిచ్చింది. గ్లూ పూసి, చీటీ పెట్టి, వేలితో నొక్కి, కిందున్న పేరు కనబడకుండా ఉందో లేదో వెలుతురుకెత్తి చూడాలి. మందం కాగితమైనా వెలుతురులో కిందిది కొంచెం కనబడేది.

తర్వాత వాక్యం చదవాల్సిన ఆయన వెళ్లిపోయాడు. ఆయన బదులు పేరు అతికించిన ఆయన కూడా వెళ్లిపోతే అదే చోట రెండో చీటీ పడింది. పుస్తకాలు సరిగా మూసుకోవడం మానేశాయి. స్కూలు వ్యాన్‌లో కిటికీ సీటు కోసం కొట్టుకునేవాళ్లం కదా, నవంబరు వచ్చేసరికి ఎవరికి కావాల్సిన సీటు వాళ్లకే దొరికింది. మా బిల్డింగు కింద ఊరొదిలి వెళ్లిపోయినవాళ్ల కార్లు మూడు కదలకుండా ఉండిపోయాయి, వాటి మీద దుమ్ము పేరుకుంటే పిల్లలం వేళ్లతో బొమ్మలు గీసేవాళ్లం. ఎప్పుడూ వద్దనని అమ్మ ఒకరోజు పైనుంచి చూసి, "ఆ కార్ల మీద చేతులు పెట్టకండే," అని గట్టిగా అరిచింది.

సమూయేలు అంకుల్ వచ్చింది ఒక మామూలు రోజు. శుక్రవారం కానిరోజు ఆయన్ని మా గుమ్మంలో చూడటం అదే మొదలు. మంచినీళ్లు తాగారు, పిన్ని తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. "నీ పెళ్లి చూద్దామనుకున్నానమ్మా," అని మాత్రం అన్నారు. ఆయన వెళ్లాక ప్రార్థన దగ్గర అతికించడానికి అమ్మ చీటీల మీద నాన్న పేరు రాసింది. నాన్న పది మందిలో ఎప్పుడూ నోరు తెరిచి ప్రార్థన చేసిన మనిషి కాదు. "నేనా?" అన్నారు. "ఇంకెవరున్నారండి?" అంది అమ్మ.

ఆ శుక్రవారం దానియేలు రాలేదు. ఫోను చేస్తే కట్టేసి ఉంది. శనివారం, ఆదివారం, ఎప్పుడు చేసినా అంతే. పిన్ని మామూలుగానే డ్యూటీకి వెళ్లొచ్చింది, మామూలుగానే అన్నం తింది, తలకు నూనె రాసుకోవడం మాత్రం మర్చిపోయింది. ఏ కంపెనీ వాళ్లని ఎప్పుడు విమానం ఎక్కిస్తున్నారో ఎవరికీ తెలియడం లేదని, చెప్పుకునే టైం కూడా ఇవ్వడం లేదని ఇంటికి వచ్చినవాళ్లు అనేవారు, పిన్నిని చూసి మాట మార్చేవారు.

మా అంతస్తులోనే ఉండే ఖాదర్ భాయ్‌ది నెల్లూరు, టాక్సీ నడిపేవాడు. తన సెలవు రోజున తనే వచ్చి తలుపు కొట్టాడు.

"ఏందన్నా, ఫోను పట్టుకొని ఎన్నాళ్లు కూర్చుంటారు? పాండి, పోయి చూసొద్దాం."

నన్ను ఎవరి దగ్గరైనా వదలాలంటే గ్లోరీ ఆంటీ లేరు. అందుకని నన్నూ ఎక్కించుకున్నారు. షార్జా దాటాక, అజ్మాన్ దాటాక రోడ్డు ఖాళీ అవుతూ వచ్చింది. కుడివైపు ఇసుక, ఎడమవైపు కదలని బూడిదరంగు నీళ్లు. ఎండ తెల్లగా ఉంది. దానియేలు కంపెనీ గేటుకి గొలుసు వేసి ఉంది. లోపల సగం కట్టిన ఇనుప షెడ్డు, దాని మీద వేలాడుతున్న ఒక తాడు, గాలికి అది ఇనుముకి తగిలి టంగ్ టంగ్ అంటోంది. నీడలో కూర్చున్న పఠాన్ వాచ్‌మన్ లేవకుండానే చెయ్యి తిప్పాడు. "సబ్ గయా. కంపెనీ ఖలాస్."

అమ్మ పిన్ని చెయ్యి పట్టుకుంది. ఎక్కడికి గయా అని నాన్న మళ్లీ మళ్లీ అడిగితే కొందరు ఇంకా క్యాంపులో ఉండొచ్చన్నాడు.

క్యాంపు ఊరి చివర ఉంది. రేకుల గదులు, బయట ప్లాస్టిక్ డబ్బాల మీద వరసగా కూర్చున్న మగవాళ్లు. పగటిపూట అంతమంది మగవాళ్లు ఏ పనీ లేకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. కార్లోంచి మేం చూస్తుంటే వాళ్లందరూ మమ్మల్నే చూశారు. వాళ్లలోంచి దానియేలు లేచాడు. గడ్డం పెరిగి ఉంది. నాన్న దిగి ఎదురెళ్లారు. కిటికీ అద్దం దించి ఉంది గనక అంతా వినబడుతోంది.

"కరెంటు తీసేసిండ్రన్నా, ఫోను చార్జింగు లేదు. కొలువు లేదు. పాస్‌పోర్టులు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర్నే ఉన్నయ్. రోజు పొద్దుమూకి వచ్చి కొన్ని పేర్లు పిలుస్తరు, తెల్లారి విమానం ఎక్కిచ్చి తోల్తరు. గీ ముఖం వెట్టుకొని పెండ్లికి ఎట్ల రావాలె? ఆమెకు చెప్పుండ్రి, ఆపుకొమ్మని."

నాన్న నేలకేసి చూస్తున్నారు. అమ్మ వద్దంటున్నా పిన్ని తలుపు తెరుచుకుని దిగింది. అంతమంది మగవాళ్ల మధ్యలోంచి నడిచి వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఆ పుస్తకాల మీద అందరి పేర్లూ మార్చేశామండీ," అంది. "మీ పేరొక్కటే మిగిలింది. దాని మీద కూడా అతికించమంటారా?"

"వద్దు, అతికియ్యొద్దు," అన్నాడు దానియేలు. ముఖం పక్కకి తిప్పుకుని మోచేత్తో తుడుచుకున్నాడు.

క్రిస్మస్ దాకా ఆగే వీల్లేదు. వచ్చే శుక్రవారానికే మార్చమని అడిగితే చర్చి పాస్టరు గారు మలయాళం వాళ్లని కాస్త ముందే ముగించమని, తమిళ ఆరాధనకి ముందు అరగంట ఇచ్చారు. నేను తేదీ మీద కూడా చీటీలు అతికించాను. ఆ వారం అంతా సాయంత్రం అయితే చాలు, ఇంట్లో ఎవరూ ఫోనుకి దూరంగా వెళ్లేవారు కాదు. దానియేలు ఎవరి ఫోనో అడుక్కుని చేసేవాడు. "ఇయ్యాల నా పేరు రాలే," అనేవాడు, పెట్టేసేవాడు. అంతే మాట. పిన్ని ఆ ఒక్క మాట విని, వంటింట్లోకి వెళ్లి కాసేపు కుళాయి తిప్పి ఉంచేది.

శుక్రవారం తెల్లారేసరికి పొగమంచు. బాల్కనీలోంచి క్రేన్ కనబడలేదు, రోడ్డు కనబడలేదు. చర్చి కాంపౌండ్‌లో తెల్ల చీరలో పిన్ని, పక్కన అమ్మ, గుమ్మం దగ్గర పుస్తకాల బుట్టతో నేను. పంచడానికి మనుషులు లేరు. మాకిచ్చిన అరగంట మొదలైంది. తమిళంవాళ్లు అప్పుడే వచ్చి వరండాలో నిలబడుతున్నారు. పాస్టరు గారు గడియారం చూసుకుని, మా మీద జాలితో, దాన్ని చూడనట్టే నటించారు. ముందురోజు రాత్రి దానియేలు పేరు పిలిచారేమోనని అందరికీ ఒకటే ఆలోచన, ఎవరూ పైకి అనడంలేదు. మంచులోంచి బూట్ల చప్పుడు వినబడింది. ముందు దానియేలు, ఎవరిదో వదులైన కోటులో. వెనక ఆ క్యాంపు మనుషులు, ఉన్నంతలో ఉతికిన చొక్కాలు, కిందేమో పనికి వేసుకునే లావు బూట్లు. దారి కనబడక బండి నడకలా వచ్చిందట. ఒక్కొక్కరికీ ఒక్కో పుస్తకం ఇచ్చాను.

వాళ్లలో సగంమంది కరీంనగర్, నిజామాబాద్ వైపు హిందువులు. ఆ పాటలు ఎప్పుడూ విని ఉండరు. గ్లోరీ ఆంటీ లేక అమ్మ సన్నటి గొంతుతో ఎత్తుకుంటే, వాళ్లు అమ్మ అక్షరాల మీద వేళ్లు పెట్టుకుని, రాగం తెలియకపోయినా మాటలు ఒకటొకటిగా గట్టిగా చదివారు. అది పాటలా లేదు. కానీ ఆ గది నిండిపోయింది, వరండాలో తమిళంవాళ్లు మాట్లాడుకోవడం ఆపేశారు. ఉంగరాలు మార్చుకున్నాక నాన్న వంతు. జేబులోంచి రాసుకున్న కాగితం తీశారు, చూశారు, మళ్లీ జేబులో పెట్టేసుకున్నారు. "ప్రభువా," అన్నారు. "ఈ పిల్లల్ని చూసుకో. ఇక్కడున్న అందర్నీ క్షేమంగా ఇళ్లకి చేర్చు." ఆమెన్ అని అందరూ అన్నారు, అలవాటులేనివాళ్లు కూడా.

ఇళ్లకే చేరారు. ఆ వారంలోనే దానియేలు పేరు వచ్చింది. పిన్ని ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా డ్యూటీకి వెళ్లింది. క్రిస్మస్‌కి కాస్త ముందు ఒక మధ్యాహ్నం నాన్న ఇంటికి వచ్చారు. మధ్యాహ్నం పూట ఆయన్ని మామూలు రోజుల్లో ఎప్పుడూ చూడలేదు. బూట్లు విప్పకుండా గ్లోరీ ఆంటీ సోఫాలో కూర్చున్నారు. అమ్మ పొయ్యి కట్టేసి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఏడాది ఆఖరి రోజుల్లో మేం పాలకొల్లు వచ్చేశాం. పిన్ని ఒక్కతే సూట్‌కేసుతో క్లినిక్ వాళ్లిచ్చిన గదికి మారింది.

ఇప్పుడు వాళ్లిద్దరూ జహీరాబాద్‌లో ఉంటున్నారు. దానియేలు బాబాయికి సొంత వెల్డింగ్ షెడ్డు ఉంది. పిన్ని దుబాయ్‌లో ఇంకొన్నేళ్లు ఒంటరిగా చేసి వచ్చింది, వచ్చాకే పిల్లలు పుట్టారు. గ్లోరీ ఆంటీ ఊళ్లో పాడటం మానేశారని విన్నాం. సమూయేలు అంకుల్ ఏమయ్యారో ఎవరికీ తెలియదు. ఒమన్ వెళ్లారని ఒకరన్నారు, పోయారని ఒకరన్నారు, మా దగ్గరున్న నంబరు ఎప్పుడూ కలవలేదు. ఆ చాపల మీద కూర్చున్నవాళ్లెవరూ మళ్లీ ఒకచోట కలవలేదు. ఇప్పటి పెళ్లిళ్లలో పాటలు గోడ మీద తెరలో వస్తాయి, క్రమం ఫోనుకి వస్తుంది. దుబాయ్‌లో సెలవు కూడా శనాదివారాలకి మారిపోయిందట. మేం ఎరిగిన శుక్రవారం ఆ ఊళ్లోనే లేదిప్పుడు.

గ్లూ వాసన వచ్చిన ఆ రాత్రే పిన్నికి ఫోను చేశాను. ఇన్నేళ్లుగా అడగని మాట అడిగాను.

"క్యాంపు దగ్గర కారు దిగేటప్పుడు నీకు భయం వెయ్యలేదా పిన్నీ?"

"వేసిందే. కార్లోనే కూర్చుంటే మాత్రం తగ్గుతుందా?" అంది. ఇంకేదో చెప్పబోయింది గానీ, వెనక షెడ్డులో బాబాయి ఇనుము కోయడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడులో ఏమీ వినబడక, రేపు చేస్తానని అరిచి పెట్టేసింది.